నల్గొండ పక్షపత్రికను వెబ్‌కు మార్చాలి: అను ఫైళ్లు, వాట్సాప్ పీడీఎఫ్‌లు, యూట్యూబ్ పోటీ... ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలగిరి_పక్షం:

అందరికీ నమస్కారం. నల్గొండ నుంచి వచ్చే ఒక పక్షపత్రిక గురించి అడుగుతున్నాను. టాబ్లాయిడ్ సైజు, 8 పేజీలు, అన్నీ రంగుల్లోనే, 2,000 కాపీలు. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలకు కొంత ఏజెంట్ల ద్వారా, కొంత పోస్టులో పోతుంది. చందాదారులు ఏటా తగ్గుతున్నారు. పత్రిక బయటికొచ్చిన రోజే ఎవరో ఒకరు పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తారు. చదివేవాళ్లు పెరిగారు, కొనేవాళ్లు తగ్గారు. ఏం జరిగినా గంటలోపు మండలంలో నాలుగు యూట్యూబ్ చానళ్లు వీడియో పెడుతున్నాయి. పదిహేను రోజులకు మన పేజీలో పడేసరికి ఆ వార్త చల్లారిపోయి ఉంటుంది.

ప్రింటు ఆపేసి వెబ్‌సైట్‌కే పోవాలా, రెండూ నడపాలా? 2004 నుంచి ఉన్న పాత సంచికలు పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్), 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. కొన్నేళ్లవి కాగితం బైండింగులే మిగిలాయి. వాటిని వెబ్‌లోకి ఎక్కించడం దండగ పనా? ఇంకోటి, వెబ్‌సైట్‌కు, యూట్యూబ్ చానల్‌కు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబర్ ఇప్పిస్తామని ఫోన్లు వస్తున్నాయి. అలాంటిది ఉందా?

---

ప్లేట్‌రూమ్:

ముందు లెక్క చూడండి. ప్రింటు ఆపితే కాగితం డబ్బు మిగులుతుందనుకుంటారు గానీ, 2,000 కాపీల దగ్గర భారం కాగితానిది కాదు. 8 టాబ్లాయిడ్ పేజీలంటే నాలుగు ఆకులు. ఆకు 27.5 × 33 సెంటీమీటర్లు అనుకుంటే 45 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 45 గ్రాములు) న్యూస్‌ప్రింట్ మీద కాపీ 16 గ్రాములు తూగుతుంది. మొత్తం 33 కిలోలు, అంతే. వెబ్ ఆఫ్‌సెట్ (కాగితం చుట్ట మీద అచ్చేసే) మిషన్ తిరగడం మొదలై రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలోపు పోయే వేస్టు కాపీలు, ప్లేట్లు (పేజీని అచ్చేసే రేకులు), మిషన్ కూలీ... ఇవే అసలు ఖర్చు. 2,000 వేసినా 20,000 వేసినా ఇవి దాదాపు మారవు. అందుకే కాపీలు తగ్గించినకొద్దీ ఒక్కో కాపీ ఖరీదు పెరుగుతుంది.

కోయాల్సింది ప్లేట్ల దగ్గర. బ్రాడ్‌షీట్ (దినపత్రిక పెద్ద సైజు) ప్లేటు మీద టాబ్లాయిడ్ పేజీలు జంటగా కూర్చుంటాయి: 1తో 8, 2తో 7, 3తో 6, 4తో 5. జంటకు నాలుగు రంగులు, నాలుగు ప్లేట్లు. మొత్తం 16. 1–8 జంటను రంగుల్లో ఉంచి మిగతా మూడు జంటలు నలుపులో వేస్తే 7 ప్లేట్లతో పనైపోతుంది. రంగు ప్రకటనలన్నీ 8వ పేజీకి తెచ్చుకోండి. మొహమాటానికి 5వ పేజీలో ఒక్క రంగు ప్రకటన ఒప్పుకున్నారంటే మూడు ప్లేట్లు అదనం. రేటు చెప్పేటప్పుడే ఆ మూడూ కలుపుకోవాలి.

ప్రింటు మాత్రం ఆపకండి. దసరాకో ఆగస్టు 15కో శుభాకాంక్షల ప్రకటన ఇచ్చే నాయకుడికి కాగితం మీద పడిన ముక్కే కావాలి. దాన్ని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకుంటాడు. వెబ్ బ్యానర్‌ను ఎవరూ అలా పెట్టుకోరు. పన్నులోనూ తేడా ఉంది. పేపర్లో ప్రకటన జాగాకు జీఎస్టీ 5%, వెబ్ ప్రకటనకు 18%. అచ్చు కాపీ అమ్మకం మీద జీఎస్టీ లేదు, డిజిటల్ చందా మీద 18%. మీ టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే ఆ బాధ లేదనుకోండి.

---

లిపి_మేస్త్రీ:

పాత సంచికలు దండగ పని కాదు. గంటలో వీడియో పెట్టే చానల్ దగ్గర 2009లో మర్రిగూడలో ఏమైందో ఉండదు, మీ దగ్గర ఉంది. అయితే అది ఇప్పుడు ఎవరికీ దొరకని రూపంలో ఉంది.

అను ఫైల్ తెరిస్తే తెరమీద తెలుగే కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం రోమన్ అక్షరాలు, గుర్తుల కోడ్లు. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫాంటు తీసేస్తే పిచ్చిగీతలే. గూగుల్‌కు కనిపించేదీ ఆ పిచ్చిగీతలే. ఈ-పేపర్ క్లిప్పింగులదీ ఇదే కథ. అది బొమ్మ, అందులో ఊరిపేరు వెతికితే తగలదు.

యూనికోడ్‌లోకి (ఫోన్లూ గూగులూ చదవగలిగే తెలుగు కోడ్) మార్చేటప్పుడు పేజీ మొత్తాన్ని పీడీఎఫ్ చేసి కాపీ కొట్టకండి. కాలమ్‌లు కలగాపులగమైపోతాయి. పేజ్‌మేకర్‌లో టెక్స్ట్ టూల్‌తో వార్తలో క్లిక్ చేసి, సెలెక్ట్ ఆల్ ఇచ్చి, ఫైల్ మెనూ నుంచి ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్లెయిన్ టెక్స్ట్‌గా తీస్తే ఫాంటు సమాచారం పోతుంది. అప్పుడు మధ్యలో ఉన్న ఇంగ్లిష్ ముక్కను కూడా కన్వర్టర్ తెలుగే అనుకుని మార్చి చెడగొడుతుంది. ఆర్‌టీఎఫ్‌లో ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో తెలుస్తుంది కాబట్టి ఇంగ్లిష్‌ను పక్కన పెట్టొచ్చు. శీర్షికలు చాలాసార్లు విడి బాక్సుల్లోనో, కోరల్‌డ్రాలో చేసిన బొమ్మల్లోనో ఉంటాయి. వాటిని మళ్లీ టైపు చేయడమే నయం.

కన్వర్టర్‌లో మీ ఫైలు ఏ అను వెర్షన్‌దో సరిగ్గా ఎంచుకుని, ముందు ఒక్క పేరాతో పరీక్షించండి. తప్పులు వచ్చేది ఒత్తుల దగ్గర. అనులో గుర్తులు కంటికి కనిపించే వరుసలో పడతాయి, అక్షరం, గుణింతం, ఆ తర్వాత ఒత్తు. యూనికోడ్‌లో అక్షరం వెంట ఒత్తు రావాలి, గుణింతం చివర. కన్వర్టర్ ఈ వరుస తిప్పుతుంది గానీ రెండు ఒత్తులు ఒకేచోట ఉంటే తడబడుతుంది. రాష్ట్రం, శాస్త్రి, స్త్రీ, స్వాతంత్ర్యం: ఈ నాలుగు మాటలు ఫైల్లో ఎక్కడున్నా చూసుకోండి. అవి బాగుంటే మిగతాది దాదాపు బాగున్నట్టే.

కంటికి తెలియని తప్పు ఇంకోటి ఉంది: సున్న. అనుస్వారం, తెలుగు అంకెల్లో సున్నా, మామూలు 0... మూడూ చూడ్డానికి ఒకటే, కోడ్లు వేరు. 'మండలం'లో అనుస్వారం బదులు అంకె సున్నా పడితే మనం చదివేస్తాం, సెర్చికి మాత్రం అది ఇంకో మాట. రెండు అక్షరాల మధ్య సున్నా అంకె ఎక్కడ కనిపించినా ఫైండ్–రీప్లేస్‌తో అనుస్వారం చేసేయండి.

ఊరి పేర్లు కూడా. ఒకరు నల్గొండ అని వెతుకుతారు, ఒకరు నల్లగొండ అని. మిర్యాలగూడ, మిర్యాలగూడెం. మహబూబ్‌నగర్, పాలమూరు. వార్తలో ఉన్నదాన్ని మార్చకండి, ట్యాగుల్లో రెండూ పెట్టండి. 2016 అక్టోబరు 11 తర్వాత జిల్లాలే మారిపోయాయి కదా. పాత వార్తలో 'నల్గొండ జిల్లా కోదాడ' అని ఉంటే అది ఇప్పుడు సూర్యాపేట. ఆలేరు యాదాద్రి భువనగిరిలోకి పోయింది. పాలమూరు వైపు మక్తల్‌కు మూడు చిరునామాలు: 2016 దాకా ఉమ్మడి మహబూబ్‌నగర్, ఆ తర్వాత కొత్త మహబూబ్‌నగర్, 2019 ఫిబ్రవరి 17 నుంచి నారాయణపేట. ప్రతి వార్తకూ పాత జిల్లా, కొత్త జిల్లా రెండు ట్యాగులూ వేయకపోతే సగం వార్తలు ఎవరికీ తగలవు.

కాగితం బైండింగులను 300 డీపీఐలో స్కాన్ చేసి, కాలమ్ కాలమ్‌గా కత్తిరించి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరవండి. తెలుగు బాగానే పట్టుకుంటుంది. పేజీ మొత్తం ఒకేసారి ఇస్తే రెండో కాలమ్ మొదటి లైను మొదటి కాలమ్ మొదటి లైనుకు అతుక్కుని వస్తుంది.

---

నీలగిరి_పక్షం:

మేస్త్రీ గారూ, చాలా ఉపయోగం. ఏటా 24 సంచికల చొప్పున చూసుకున్నా కుప్ప పెద్దదే. ఏ ఏడాదితో మొదలుపెట్టాలి? వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్‌లో చేయించాం. లింకు వాట్సాప్‌లో పెడితే మూరెడు పొడవున శాతం గుర్తులు వస్తున్నాయి, అదెందుకు?

---

లిపి_మేస్త్రీ:

వర్డ్‌ప్రెస్ మీ తెలుగు శీర్షికనే లింకుగా వాడుకుంటోంది. ఒక్కో తెలుగు గుర్తు లింకులో 9 అక్షరాలవుతుంది. గుణింతం, ఒత్తులో దాగిన పొల్లు కూడా విడివిడిగా లెక్కే. లింకు పేరుకు వర్డ్‌ప్రెస్ ఇచ్చే జాగా 200 అక్షరాలు, అంటే 22 గుర్తుల దగ్గర తెగిపోతుంది. పోస్టు చేసేముందు లింకు పెట్టెలో రోమన్ లిపిలో ఊరు, విషయం, ఏడాది రాయండి. పబ్లిష్ చేశాక మార్చితే అప్పటికే పంచిన లింకులు తెగిపోయే ప్రమాదం ఉంది, ముందే చేయాలి. లింకు కింద వచ్చే బొమ్మను 300 కేబీ లోపు ఉంచండి. బరువెక్కితే వాట్సాప్ బొమ్మ చూపించదు, బొమ్మ లేని లింకును మనవాళ్లు నొక్కరు.

ఏడాది వరుసలో పోకండి, విషయం వరుసలో పోండి. మునుగోడు, మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు, కాల్వల కింద పోయిన భూములు, నష్టపరిహారం, చెరువుల శిఖం (చెరువు లోపలి భూమి). వీటి కాగితాల కోసం జనం ఇప్పటికీ తిరుగుతున్నారు. భూరికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబరులో వచ్చాక ఒకసారి, దాని బదులు 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాక ఇంకోసారి పాత రికార్డుల గొడవ లేచింది. అప్పటి వార్తలో సర్వే నంబరు ఉంటే దాన్నీ ట్యాగులో పెట్టండి. సన్మానాలు, జెండా వందనాలు చివరికి చూసుకోవచ్చు, చూడకపోయినా ఎవరూ అడగరు.

---

రాత్రి_డెస్క్:

యూట్యూబ్ వాళ్లతో గంటల పోటీ పెట్టుకోవద్దు. పక్షపత్రికకు అది గెలిచే ఆట కాదు. వాళ్లు వదిలేసిన పని ఒకటుంది: తిరుగుతున్నది నిజమా అని తేల్చడం. దానికి ఖర్చు లేదు, పద్ధతి కావాలి.

వచ్చిన ఫోటోను అలాగే నమ్మకుండా, తీసినవాళ్లను పట్టుకుని "డాక్యుమెంట్‌గా పంపు తమ్మీ" అని అడగండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటో బరువు తగ్గించి, ఎప్పుడు ఎక్కడ తీసిందన్న సమాచారం తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. తీసినవాళ్లే దొరకకపోతే ఫోటో ఆ ఊరిది కాదేమో అని అనుమానించాలి.

వీడియోలో బండి నంబర్లు చూడండి. టీజీ అని ఉంటే అది 2024 మార్చి తర్వాతిది. అన్నీ ఏపీ 24 (నల్గొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) ఉండి ఒక్క టీఎస్ కూడా లేకపోతే అది తెలంగాణ రాకముందుది అయ్యే అవకాశమే ఎక్కువ. టీఎస్, టీజీ పక్కన 05 ఉంటే నల్గొండ, 06 మహబూబ్‌నగర్, 29 సూర్యాపేట. 65 నంబర్ హైవే మీద ప్రమాదమని వచ్చిన వీడియోలో ఇంకో రాష్ట్రం బస్సులే కనిపిస్తే అక్కడే ఆగండి.

ఏటా వానాకాలంలో తిరిగేది సాగర్ గేట్ల వీడియో. 26 గేట్లూ ఎత్తేశారని, కింద ఊళ్లు ఖాళీ చేయాలని. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, గేట్ల కింది అంచు 546. ఆ రోజు మట్టం 540 ఉంటే గేట్లోంచి నీళ్లు దూకే ప్రశ్నే లేదు, వీడియో పాతది. రోజువారీ మట్టాలు జలవనరుల శాఖ ఇస్తూనే ఉంటుంది. మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో మూడంకెలు పక్కన పెట్టి 'ఈ వీడియో ఈ రోజుది కాదు' అని ఒక చిన్న పోస్టు వేయండి. పుకారు వార్తను మళ్లీ బొమ్మతో సహా వేయొద్దు, సగంమంది బొమ్మ మాత్రమే చూసి ఫార్వర్డ్ చేస్తారు. వేయక తప్పకపోతే బొమ్మ మీదే అడ్డంగా 'తప్పు' అని రాయండి, పక్కన కాదు. పక్కన రాస్తే కత్తిరించేస్తారు.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకారు గుర్తుంది కదా. గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, డప్పు కొట్టించి అది అబద్ధమని చెప్పించారు. పుకారు ఏ దారిన ఊళ్లోకి వచ్చిందో నిజం కూడా ఆ దారినే పోవాలి. మీ ఖండన వెబ్‌సైట్లో కూర్చుంటే పనికిరాదు. అదే గ్రూపులో, అదే సైజు బొమ్మగా, లేదా అర నిమిషం ఆడియోగా వెళ్లాలి.

పెద్ద సంఘటన నడుస్తున్నప్పుడు ప్రతి అప్‌డేట్‌కూ ముందు రెండు ముక్కలు తప్పనిసరి: ఎన్ని గంటలకు, ఎవరు చెప్పారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాల్వ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. వెతుకులాట వారాలు సాగింది. అలాంటి చోట 'సమాచారం', 'తెలుస్తోంది' అని రాస్తే రెండో రోజుకే మీ పాత లైనూ కొత్త లైనూ కొట్టుకుంటాయి. అంకె మారితే పాతది చెరిపేయకండి, కింద 'సవరణ' అని రాసి గంట వేయండి.

---

పాలమూరు_కలం:

ప్లేట్‌రూమ్ అన్న చెప్పిన శుభాకాంక్షల ప్రకటనల ముచ్చట నాకు మింగుడు పడతలేదు. లెక్క కరెక్టే అన్నా, నేను కాదంటలేను. కానీ రోగం కూడా ఆడనే ఉంది. మండల కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండది, లైన్ అకౌంట్. అచ్చయిన సెంటీమీటర్లకు ఇంత అని. దాని మీద ప్రకటనల టార్గెట్. పొద్దున ఏ నాయకుని దగ్గర ప్రకటన తెచ్చిండో, మాపటికి ఆయన మీద వార్త ఎట్ల రాస్తడు? ఫోన్లు రాకముందు నుంచే జనానికి పేపర్ మీద నమ్మకం సడలిందంటే కారణం గిదే. యూట్యూబ్ వచ్చి చేసింది ఒక్కటే, టార్గెట్ లేని మనిషి కూడా మైకు పట్టుకునేటట్టు చేసింది. ఇప్పుడు ఆ మైకులకు కూడా ప్రకటనల బేరం మొదలైంది, అది వేరే కథ.

సెంటీమీటర్‌కు పైసలిస్తే చిన్న వార్త పెద్దగైతది. వెబ్‌ల వ్యూకు పైసలిస్తే ప్రతి శీర్షికా 'షాక్' అయితది. రెండూ వద్దు. కాగితం తెచ్చిన వార్తకు పైసలియ్యుండ్రి. ఎస్టిమేటు, ఎంబీ రికార్డు (చేసిన పని కొలతల పుస్తకం), బిల్లు, గ్రామసభ తీర్మానం, ప్రజావాణి రశీదు... ఏదో ఒక కాగితం జతచేస్తేనే ఇంత అని రేటు పెట్టుండ్రి.

ఆర్టీఐ ఖర్చు చూస్తే నవ్వొస్తది. గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజే లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. ఏ4 నకలుకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్ల జవాబు రావాలె, రాకపోతే మొదటి అప్పీలు. ప్రశ్న రాసుట్లనే సగం దరఖాస్తులు పోతయి. 'ఎందుకు చేయలేదు' అని అడగొద్దు, 'ఫలానా పని ఎంబీ రికార్డు, బిల్లుల నకళ్లు ఇయ్యండి' అని అడగాలె. మనుషుల పేర్ల జాబితా అడిగితే వ్యక్తిగత సమాచారం అని కొట్టేస్తున్రు. డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబర్‌ల ఆర్టీఐ సెక్షన్ 8(1)(జె) మారినంక అది ఇంక గట్టిపడ్డది. అందుకే మనిషిని పట్టి కాదు, పనిని పట్టి అడగాలె. తప్పకపోతే 8(2) కింద ప్రజాప్రయోజనం అని ముందే దరఖాస్తుల రాయాలె.

పక్షానికి ఒక్క కాగితం వార్త పడినా మండలంల నాలుగు చానళ్లు మీ పేపర్ పట్టుకుని వీడియో చేస్తయి. చేయనియ్యుండ్రి, పేరు చెప్పమని మాత్రం అడగుండ్రి.

---

ప్లేట్‌రూమ్:

కలం తమ్మీ, ఒప్పుకుంటా. ప్రకటన తెచ్చే మనిషి, వార్త రాసే మనిషి ఒకరే కాకూడదు. 2,000 కాపీల పత్రికకు ఇద్దరిని పెట్టుకునే స్తోమత ఉండదన్నదే చిక్కు. కనీసం ప్రకటనలకు ఏజెంట్‌ను కమీషన్ మీద పెట్టి, విలేకరి చేతికి రేటు కార్డు ఇవ్వకుండా ఉండొచ్చు.

పీడీఎఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు. 2020లో ఢిల్లీ హైకోర్టు ఒక పెద్ద దినపత్రిక ఈ-పేపర్‌ను పంచుతున్న టెలిగ్రామ్ చానళ్లను తీసేయమంది. మీరు కోర్టుల చుట్టూ తిరగలేరు. పీడీఎఫ్ పంపేటప్పుడు పేజీ అడుగున చందాదారు నంబరు చిన్నగా పడేలా చేయండి, లీకు ఎక్కడిదో తెలుస్తుంది. తెలిశాక పోట్లాడకండి, ఫోన్ చేసి గ్రూపులో మొదటి పేజీ బొమ్మ, లింకు మాత్రమే పెట్టమనండి. చాలామంది వింటారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. అందలేదని ఫిర్యాదు చేసేవాళ్లలో ఎక్కువమంది నంబరు సేవ్ చేసుకోనివాళ్లే. వాట్సాప్ చానల్‌లో ఆ పరిమితి లేదు, గ్రూపులో లాగా రాత్రి గుడ్‌నైట్ పూలూ ఉండవు. కాకపోతే చానల్‌లో చదివేదెవరో మీకు తెలియదు. చందా కట్టినవాళ్లకు బ్రాడ్‌కాస్ట్, మిగతావాళ్లకు చానల్.

---

నిబంధనల_పేజీ:

రిజిస్ట్రేషన్ ఫోన్ల గురించి: పైసా ఇవ్వొద్దు. 1867 నాటి ప్రెస్ చట్టం స్థానంలో 2023 చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అది అచ్చు పత్రికలకు. మీ పక్షపత్రిక టైటిల్, రిజిస్ట్రేషన్, వార్షిక నివేదిక అన్నీ ఇప్పుడు ప్రెస్ సేవా పోర్టల్‌లోనే. పక్షపత్రికను మాసపత్రిక చేయాలనుకున్నా అక్కడే మార్చుకోవాలి. యూట్యూబ్ చానల్‌కు పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం నంబర్ ఇవ్వదు. 'ప్రభుత్వ గుర్తింపు పొందిన యూట్యూబ్ చానల్' అని ఐడీ కార్డు మెడలో వేసుకున్నారంటే అది వాళ్లు అచ్చేసుకున్న కార్డే.

వెబ్‌సైట్, వార్తల చానల్ 2021 ఐటీ నిబంధనల కిందికి వస్తాయి. ఫిర్యాదులు చూసే మనిషి పేరు, చిరునామా సైట్లో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. మొదలుపెట్టిన 30 రోజుల్లో సమాచార ప్రసార శాఖకు వివరాలు పంపాలి. దీనికి ఫీజు లేదు, నంబరు రాదు.

యూట్యూబ్ ప్రకటనల ఆదాయం కోసం అయితే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు) దాటాలి. ప్రకటనల్లో చానల్ వాటా 55%, షార్ట్స్‌లో 45%. ఇతరుల వీడియో ముక్క వాడి 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు తెచ్చుకుంటే చానల్ మొత్తం పోతుంది. చిన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మేస్త్రీ గారు చెప్పని ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. పాత సంచికలు ఎక్కించేటప్పుడు నేర వార్తలను గుడ్డిగా ఎక్కించకండి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం, పిల్లల విషయంలో పోక్సో సెక్షన్ 23. పోక్సో వచ్చింది 2012లో. అంతకుముందు వార్తల్లో ఊరు, బడి, తండ్రి పేరు వేసేసి ఉండొచ్చు. ఈ రోజు వెబ్‌లో పెడితే ఈ రోజు ప్రచురించినట్టే అనుకోండి. బాధితురాలి పేరు తీసేస్తే సరిపోదు, నిందితుడు బంధువైతే అతని పేరుతోనూ ఆమె ఎవరో తెలిసిపోతుంది. నిందితులు ఆ తర్వాత నిర్దోషులుగా బయటపడిన కేసుల్లో వార్త పైనే తీర్పు తేదీతో ఆ మాట రాయండి.

కలం గారు చెప్పిన కాగితాలకు ఒక మాట. కోర్టు దాకా పోయే అవకాశం ఉన్న వీడియో అయితే మెమరీ కార్డులోని అసలు ఫైలును కదిలించకుండా దాచండి, ఎడిటింగ్ నకలు మీద చేసుకోండి. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపించుకున్న కాపీకి ఆ విలువ మారిపోతుంది.

---

నీలగిరి_పక్షం:

అందరికీ ధన్యవాదాలు. వచ్చే సంచిక నుంచి 7 ప్లేట్లు. ఫ్లోరైడ్ వార్తలు ముందు. నేర వార్తలున్న ఫైళ్లు విడి ఫోల్డర్‌లో పెట్టి తాళం వేస్తున్నాం. మేస్త్రీ గారూ, 2006 ఫైళ్లు కొన్ని తెరిస్తే ఫాంటు లేదని అడుగుతోంది, అను కూడా కాదనిపిస్తోంది.

---

లిపి_మేస్త్రీ:

అడిగిన ఫాంటు పేరు అక్కడే ఉంటుంది, దాన్ని ఇక్కడ రాయండి. 'వేరే ఫాంటుతో తెరవమంటావా' అంటే ఊ కొట్టండి, సేవ్ మాత్రం చేయకండి, అసలు ఫాంటు పేరు పోతుంది. ఫైలు కాపీ తీసి, కాపీనే తెరవండి.